ఎనిమిదో తరగతికి లినోకట్ నేర్పేటప్పుడు

నలభై మంది ఉన్న ఎనిమిదో తరగతికి లినోకట్, అంటే లినోలియం ముక్క మీద బొమ్మ చెక్కి, సిరా పూసి కాగితం మీద అచ్చు తీయడం, నేర్పవచ్చా, పదునైన ఉలులు పిల్లల చేతికి ఇవ్వడం ప్రమాదం కాదా అని మీరు అడిగారు. డ్రాయింగు మాస్టారుగా ఈ పాఠం చాలా ఏళ్లుగా చెబుతున్నాను కనుక నాకు ఎదురైనవే రాస్తున్నాను.

మొదటి ఏడాదే ఒక అబ్బాయి ఎడమ బొటనవేలు తెగింది. తప్పు ఉలి పదునుది కాదు, నాది. డిసెంబరు చలికి బిగుసుకుపోయిన లినోలియం ముక్కలను అలాగే పంచిపెట్టాను. ఉలి కదలకపోయేసరికి ఆ పిల్లవాడు బలమంతా పెట్టి నెట్టాడు, అది జారి, ముక్కను అదిమి పట్టుకున్న చేతి మీదికి వెళ్లింది. లినోలియం అంటే గట్టిపరిచిన అవిసె నూనెలో కార్కు పొడి కలిపి గోనెగుడ్డ మీద పరిచిన పదార్థం కాబట్టి వెచ్చబడితే మెత్తబడుతుంది. అందుకే ఇప్పుడు పీరియడుకు ముందు ముక్కలను పది నిమిషాలు ఎండలో పెట్టిస్తాను. మబ్బు పట్టిన రోజున పైన గుడ్డ కప్పి గోరువెచ్చని ఇస్త్రీపెట్టె తిప్పుతాను. పట్టుకునే చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి, మలుపు వచ్చినప్పుడు ముక్కను తిప్పాలి గాని ఉలిని కాదు. ముక్క జారకుండా, బల్ల అంచుకు తగులుకునే పట్టీ ఉన్న చెక్కపలకను వడ్రంగి చేత చేయించుకోండి. ఒక విడతకు పది మందికే ఉలులు ఇచ్చి, మిగిలినవారిని బొమ్మ గీసుకోనివ్వండి.

నిజానికి నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. పెన్సిలు గీత నల్లగా వస్తుంది, ఉలి గీత తెల్లగా వస్తుంది. ఈ తలకిందుల లెక్క చెబితే అర్థమైందని తలలూపుతారు, చెక్కేటప్పుడు మరచిపోతారు. అందుకని నల్ల కాగితం మీద సుద్దముక్కతో గీయించడం మొదలుపెట్టాను. దండి సత్యాగ్రహ కాలంలో, 1930లో, చిత్రకారుడు నందలాల్ బోస్ లినోలియం మీద చెక్కిన గాంధీ బొమ్మను కూడా గోడకు పెడతాను: నల్లని నేపథ్యం మీద, కర్ర పట్టుకుని నడుస్తున్న మనిషి కొన్ని తెల్లని గీతల్లోనే కనబడతాడు. మీది కృష్ణా జిల్లా అయితే పెడన నుంచి కలంకారీ అద్దకపు టేకు అచ్చు ఒకటి తెప్పించండి. ఎత్తుగా మిగిలిన చోటే రంగు అంటుతుందని పిల్లలు వేలితో తడిమి తెలుసుకుంటారు.

అక్షరాలు వద్దని మాత్రం మొదట్లోనే చెప్పండి. ఒక అమ్మాయి తన పేరును రెండు పీరియడ్లు ఓపికగా చెక్కి, అచ్చు తీశాక అది అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తే ఏడ్చేసింది.

అచ్చు తీయడానికి ప్రెస్సు అక్కర్లేదు, చెంచా వీపుతో కాగితాన్ని రుద్దితే చాలు. నీటితో కడిగే సిరాను గాజుపలక మీద పలచగా పరచండి; రోలరు కింద సన్నగా చిటచిట వినబడితే పాకం కుదిరినట్టు, పచపచమంటే ఎక్కువైనట్టు. రెండు మూడు ప్రతుల దాకా సిరా సరిగా పట్టదు, వాటిని చింపేయనివ్వకండి. ఆ కాసేపూ తరగతిలో ఫ్యాన్లు ఆపించండి, లేకపోతే సిరా గాజు మీదే ఆరిపోతుంది.