ఎస్ఓ ఫైళ్లు చదవబోతున్న అమ్మలుకి, పెద్దమ్మ రాసేది

అమ్మలూ,

సోర్సు కోడ్ లేని ఏదో ఎస్ఓ ఫైల్ (లినక్స్‌లో ప్రోగ్రాములు పంచుకునే లైబ్రరీ) దొరికిందనీ, అందులో ఏముందో తేల్చుకోందే వదలనంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో! నా ఉద్యోగకాలమంతా "బైనరీ కదా, మనకేం అర్థమవుతుంది" అని పక్కకు జరిగినవాళ్లనే ఎక్కువ చూశాను. కానీ ఆ ఫైల్‌ని పైథాన్‌లో లోడ్ చేసి చూస్తానన్నావట. అది విన్నప్పటి నుంచి నాకు టెన్షన్. అందుకే ఈ ఉత్తరం.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. కాపీ మీదే పనిచెయ్యి. విప్పి చూడకూడదని దాని లైసెన్సులో రాసి ఉందేమో చదువు. ఫైల్ కమాండ్ ఇస్తే ఏ ప్రాసెసర్ కోసం చేసిందో చెబుతుంది. ఒకసారి హెక్స్‌లో కూడా చూడు: మొదటి నాలుగు బైట్లు 7ఎఫ్ 45 4సి 46 అయితే అది ఈఎల్ఎఫ్ (లినక్స్ ప్రోగ్రాములూ లైబ్రరీలూ ఉండే ఫార్మాట్) ఫైల్, ఐదో బైట్ 2 అయితే 64 బిట్లది, 1 అయితే 32 బిట్లది.

ఇక అసలు విషయం. లైబ్రరీని లోడ్ చేశావంటే దాన్ని నడిపినట్టే. అందులోని ఒక్క ఫంక్షన్‌నీ నువ్వు పిలవకపోయినా సరే. ఎస్ఓ ఫైల్‌లో ఇనిట్ అర్రే అని ఒక పట్టిక ఉండొచ్చు, అందులో కొన్ని ఫంక్షన్ల అడ్రసులుంటాయి. లైబ్రరీని మెమరీలోకి తెచ్చాక, దాని హ్యాండిల్ నీ చేతికి రాకముందే, లోడర్ (లైబ్రరీలను మెమరీలోకి తెచ్చే ప్రోగ్రామ్) వాటన్నిటినీ వరసగా నడిపేస్తుంది. నిన్ను అడగదు.

మా టీమ్‌లో ఒక కుర్రాడుండేవాడు. చురుకైనవాడు, నీలాగే ఆగలేడు. ఒక పరికరాల కంపెనీ సోర్సు ఇవ్వకుండా ఉత్త లైబ్రరీ పంపింది. ఏమేం ఫంక్షన్లున్నాయో చూద్దామని, అందరం వాడే బిల్డ్ మెషీన్ మీదే పైథాన్ తెరిచి సీటైప్స్‌తో (సీ లైబ్రరీలను పైథాన్ నుంచి వాడుకునే మాడ్యూల్) లోడ్ చేశాడు. అంతే చేశాడు. ఆ లైబ్రరీలో దురుద్దేశమేమీ లేదు. లోడవగానే తన పాత టెంపరరీ ఫైళ్లు తుడిచేసుకుంటుంది, అంతే. ఏ ఫోల్డర్‌లో తుడవాలో ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని (సిస్టమ్ ప్రోగ్రాములకు అందించే, పేరున్న విలువ) బట్టి తెలుసుకుంటుంది. ఖర్మ కొద్దీ మా మెషీన్‌లో అదే పేరున్న వేరియబుల్ మా అందరి పనీ ఉన్న ఫోల్డర్‌ని చూపిస్తోంది. బ్యాకప్ నుంచి కొంత వెనక్కి తెచ్చుకున్నాం. మిగతాది పోయింది. "నేనేమీ రన్ చేయలేదండీ" అని ఆ పిల్లాడు అంటూనే ఉన్నాడు. అబద్ధమాడుతున్నాడని కొందరు మొహం మీదే అన్నారు. పాపం, తనకు తెలిసినంతలో అతను చెప్పింది నిజమే.

ఆ సాయంత్రం నేను కూర్చుని రీడ్ఎల్ఫ్‌కి (ఈఎల్ఎఫ్ ఫైల్‌ని నడపకుండా చదివి చూపే కమాండ్) మైనస్ డి ఇచ్చి చూశాను. ఇనిట్ అర్రే సైజు 16 బైట్లు. 64 బిట్ల ఫైల్‌లో ఒక్కో అడ్రసుకి 8 బైట్లు కాబట్టి రెండు ఎంట్రీలున్నట్టు. ఒకటి కంపైలర్ తనంతట తాను పెట్టే ఫ్రేమ్ డమ్మీ. రెండోది వాళ్లు రాసుకున్నది. ఆబ్జ్‌డంప్‌తో (మెషీన్ కోడ్‌ని చదవగలిగే అసెంబ్లీగా చూపే కమాండ్) దాన్ని తెరిస్తే ముందు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చదివే గెట్ఎన్వ్ కాల్, కాస్త కిందికి ఫైల్ తుడిచే అన్‌లింక్ కాల్ కనిపించాయి. నడపకుండానే చదవగలిగిన చోట, కళ్లెదురుగా ఉంది. నువ్వు కూడా ముందు అదే చూడు. ఆ పట్టికలో సున్నాలు కనిపిస్తే ఖాళీ అనుకోకు, అసలు అడ్రసులు రీలొకేషన్లలో (లోడయ్యేటప్పుడు ఏ చోట ఏ అడ్రసు నింపాలో చెప్పే జాబితా) ఉండొచ్చు. రీడ్ఎల్ఫ్‌కి మైనస్ ఆర్ ఇస్తే బయటపడతాయి.

ల్యాప్‌టాప్ పాడైతే ఇంకోటి కొనుక్కుందాం తల్లీ. "నేనేమీ చేయలేదు" అని నువ్వు నలుగురి ముందు నిలబడి చెప్పుకోవాల్సి రావడం మాత్రం నాకిష్టం లేదు.

ఎల్‌డీడీ కమాండ్ విషయంలోనూ జాగ్రత్త. ఏ లైబ్రరీలు కావాలో చూడ్డానికి అందరూ అదే వాడమంటారు. కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రామ్‌నే నడిపేస్తుంది, నమ్మకం లేని ఫైళ్ల మీద వాడొద్దని దాని మాన్యువల్లోనే రాసి ఉంది. ఆబ్జ్‌డంప్ మైనస్ పి ఇచ్చి నీడెడ్ అన్న వరసలు చూసుకో, చాలు. నడిపి తీరాల్సి వస్తే నెట్ తీసేసిన వర్చువల్ మెషీన్‌లో, స్నాప్‌షాట్ తీసుకున్నాకే.

చదవడం ఎన్ఎం (ఫైల్‌లోని పేర్లు చూపే కమాండ్) మైనస్ పెద్ద డి తో మొదలుపెట్టు. టి అని ఉన్నవి ఈ లైబ్రరీ బయటికిచ్చే ఫంక్షన్లు, యు అని ఉన్నవి ఇది బయటినుంచి అడిగేవి. కొత్తవాళ్లందరూ టి వెంట పడతారు. నేనైతే ముందు యు చూస్తాను. సాకెట్, కనెక్ట్ ఉంటే నెట్‌తో పనుంది. డీఎల్‌ఓపెన్, డీఎల్‌సిమ్ ఉంటే నడిచేటప్పుడు ఇంకా ఏవో తెచ్చుకుంటుంది కాబట్టి ఈ జాబితాతో సరిపెట్టుకోకు. స్ట్రిప్ చేసిన (లోపలి పేర్లు తీసేసిన) ఫైల్ అని దిగులుపడకు. ఇంట్లో గదుల మీద పేర్లు చెరిపేసినా వీధి గుమ్మం మీది పేరు ఉంచక తప్పదు, లేకపోతే లోడర్‌కి దారి తెలియదు. అందుకే లోపలి పేర్ల పట్టిక సిమ్‌ట్యాబ్ పోయినా, లోడర్‌కి కావాల్సిన పేర్ల పట్టిక డైన్‌సిమ్ మిగులుతుంది. పేర్లు అండర్‌స్కోర్ జెడ్‌తో మొదలై గజిబిజిగా ఉంటే అవి సీ ప్లస్ ప్లస్‌వి, సీ ప్లస్ ప్లస్ ఫిల్ట్ కమాండ్‌కిస్తే మామూలు పేర్లు వస్తాయి.

అసెంబ్లీని మొదటి లైన్ నుంచి చదవకు. అలా చదివి విసిగి మానేసినవాళ్లు చాలామంది. స్ట్రింగ్స్ కమాండ్ చూపే మాటల్లో ఒక ఎర్రర్ మెసేజ్ పట్టుకో, దాన్ని ఏ ఫంక్షన్ వాడుతోందో చూడు, ఆ ఫంక్షన్‌ని పిలిచేది ఎవరో చూడు. అలా వెనక్కి నడు. ఎక్స్86 64 బిట్ల లినక్స్‌లో పూర్ణాంకాలూ పాయింటర్లూ అయితే మొదటి ఆరు ఆర్గ్యుమెంట్లు ఆర్‌డీఐ, ఆర్ఎస్ఐ, ఆర్‌డీఎక్స్, ఆర్‌సీఎక్స్, ఆర్8, ఆర్9 అనే రిజిస్టర్లలో (ప్రాసెసర్ లోపలి చిన్న అరలు) వస్తాయి, జవాబు ఆర్ఏఎక్స్‌లో. ఇదొక్కటి నోటికొస్తే సగం చీకటి పోతుంది. 2019లో అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ ఉచితంగా విడుదల చేసిన గిడ్రా వాడుకో, బైనరీని విప్పి సీ లాంటి కోడ్ చూపిస్తుంది. కానీ అందులోని టైపులు చాలావరకు అది వేసిన అంచనాలే. అనుమానమొస్తే పక్కనున్న అసెంబ్లీనే నమ్ము.

ఇవన్నిటికంటే ముందు నువ్వే సీలో రెండు సంఖ్యలు కూడే ఫంక్షన్ ఒకటి రాసి, షేర్డ్ లైబ్రరీగా కంపైల్ చేసి విప్పు. ఆప్టిమైజేషన్ లేకుండా ఒకసారి, ఓ2 అనే ఆప్టిమైజేషన్ స్థాయితో ఒకసారి. నువ్వు రాసిందే నీకు గుర్తుపట్టరాకుండా మారిపోతుంది, కంగారుపడకు.

ఆ తర్వాత నీ ఫైల్‌లోని యు పేర్ల జాబితా, ఇనిట్ అర్రే సైజు నాకు పంపు. ఒక్కో పేరు పక్కన అదెందుకు వాడుతోందని నువ్వనుకుంటున్నావో రాసి పంపు. తప్పయినా పర్వాలేదు. లోడ్ మాత్రం అప్పటిదాకా చేయకు.

పెద్దమ్మ