కువైట్‌లో ఇంటి పనికొచ్చిన వాళ్ళకి వారానికో రోజు సెలవు ఉందా? ఉంది, అడగండి

మొన్న రాజంపేట సైడు నుంచి కొత్తగా వచ్చిన ఒక చెల్లెలు ఫోన్ చేసి "అక్కా ఐదు నెలలైంది, ఒక్క రోజు కూడా రెస్ట్ లేదు, అడిగితే ఇంటికి పంపించేస్తారేమో" అని ఒకటే ఏడుపు. నేను వచ్చి పద్దెనిమిదేళ్ళు, మొదటి ఇంట్లో నాదీ ఇదే కథ. బకాలాలో, అంటే కిరాణా కొట్లో, ఇచ్చిన క్యాలెండర్ వంటగది అల్మారా లోపల అంటించుకుని, సెలవు లేకుండా పోయిన ప్రతి జుమ్మాకీ, అంటే శుక్రవారానికీ, పెన్నుతో సున్నా చుట్టేదాన్ని, ముప్పై ఒక్క సున్నాలయ్యాయి, ఎవరికి చూపించాలో తెలియలేదు. అప్పట్లో ఇంటి పనివాళ్ళకి ఇక్కడ విడిగా చట్టమే లేదు మరి.

ఇప్పుడుంది. 2015లో వచ్చిన 68వ నంబర్ చట్టం. ఖాదిం (ఇంటి పని) వీసా, అంటే 20 నంబర్ అకామా (ఇక్కడ ఉండే పర్మిట్) మీదున్న వాళ్ళందరికీ, ఆయా, వంట, డ్రైవర్ ఎవరైనా సరే, వారానికి ఒక రోజు జీతంతో సెలవు, రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు, మనం ఒప్పుకోకుండా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మన పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకోకూడదు. ఇదేమీ వాళ్ళు దయతో ఇచ్చేది కాదమ్మా. ఏడు రోజుల్లో వరసగా 24 గంటలు రెస్ట్ ఇవ్వాలని జెనీవాలో ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) వాళ్ళు ఫ్యాక్టరీ కార్మికులకి 1921లోనే రాశారు, మన ఇండియా 1923లో ఒప్పుకుంది. షాపులు, ఆఫీసుల వాళ్ళకి 1957లో రాసిన దానికి కువైట్ కూడా ఒప్పుకుంది. ఇంటి పనివాళ్ళ కోసం మాత్రం 2011 దాకా ఆగాల్సొచ్చింది, దానికి ఇండియా గానీ కువైట్ గానీ ఇంకా ఒప్పుకోలేదు, నాకు బాధనిపించేది అదే. అందుకే మీరు పట్టుకోవాల్సింది ఇక్కడి 68వ చట్టాన్నే.

ఇంకోటి, "వరసగా" అన్న మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. పొద్దున గిన్నెలన్నీ తోమి పదింటికి పోయి సాయంత్రం ఐదింటికి వచ్చి మళ్ళీ రాత్రి వంటకి దిగితే అది సెలవు కాదు.

అడిగేటప్పుడు జుమ్మానే కావాలని పట్టుబట్టొద్దు. ఆ రోజు పెద్దాయన ఇంటికి కొడుకులు కూతుళ్ళు పిల్లలు అందరూ వస్తారు, పెద్ద పెద్ద తాంబాలాల్లో మచ్‌బూస్ (మాంసంతో చేసే అన్నం) వండాలి, మామా, అంటే ఇంటి యజమానురాలు, అస్సలు ఒప్పుకోదు. ఆదివారమో మంగళవారమో అడగండి, మూడో ఇంట్లో నేను అట్లనే సాధించుకున్నా.

18 నంబర్ అకామా వాళ్ళది, అంటే షాపు, హోటల్, కంపెనీ వాళ్ళది వేరే చట్టం, 2010 నాటి 6వ నంబర్ది. సెలవు రోజు పనికి పిలిస్తే ఆ రోజు కూలికి కనీసం సగం కూలి కలిపి ఇవ్వాలి, బదులుగా ఇంకో రోజు సెలవూ ఇవ్వాలి, రెండూ ఇవ్వాలి, చాలామంది ఒకటిచ్చి ఊరుకుంటారు.

ఎంత అడిగినా ఇవ్వకపోతే మాత్రం ఇంట్లోంచి పారిపోవద్దు తల్లీ, వాళ్ళు పరారీ కేసు పెడితే అకామా పోతుంది, న్యాయం మీ వైపున్నా మీరే దొంగలైపోతారు. ఇక్కడి సర్కారు మ్యాన్‌పవర్ అథారిటీలో ఇంటి పనివాళ్ళ ఫిర్యాదులు తీసుకునే ఆఫీసుకి గానీ మన ఎంబసీకి గానీ పోండి. పోయే ముందు కాంట్రాక్టు, బతాకా (ఇక్కడి గుర్తింపు కార్డు) ఫోటోలు తీసి ఊర్లో ఎవరికైనా వాట్సాప్ చేసి పెట్టండి, సెలవు ఇవ్వని తేదీలు కూడా రాసుకోండి. నేను క్యాలెండర్ మీద చుట్టినట్టు సున్నాలైనా సరే.