రాత్రిపూట ఇంట్లో చొరబడ్డ దొంగను కొట్టి చంపితే కేసు ఉండదా?

ఉంటుందండి. మనిషి చనిపోయాక పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టక తప్పదు, అరెస్టు కూడా చేయొచ్చు. ఆత్మరక్షణ కోసమే చేశారా లేదా అన్నది చివరికి తేల్చేది కోర్టు. నేను క్రిమినల్ లాయర్‌ని, ఇలాంటి కేసుల్లో ముద్దాయిల తరఫున వాదించాను.

కేసు ఉండదని మీరు విన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. చంపేస్తాడనో, తీవ్రంగా గాయపరుస్తాడనో భయపడటానికి తగిన కారణం ఉన్నా, అత్యాచారం, కిడ్నాప్, యాసిడ్ దాడి లాంటివి ఎదురైనా ఎదుటివాడి ప్రాణం పోయేదాకా వెళ్లే వీలును 38వ సెక్షన్ ఇస్తుంది. దోపిడీకి దిగినా, చీకటి పడ్డాక ఇల్లు పగలగొట్టి చొరబడినా, ఇంటికి నిప్పు పెట్టినా అదే వీలును 41వ సెక్షన్ ఇస్తుంది. ప్రాణభయం లేని మామూలు దొంగతనానికి ఇది వర్తించదు. పైగా వీటన్నిటికీ 37వ సెక్షన్ పగ్గం ఉంది: కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు.

మొదటి దెబ్బను కోర్టులు చాలావరకు అర్థం చేసుకుంటాయి. దాడికి గురవుతున్నవాడు లెక్క చూసుకుని కొట్టాలని ఆశించకూడదని సుప్రీంకోర్టు 2010లో దర్శన్ సింగ్ కేసులో స్పష్టంగా చెప్పింది. భయం ఉన్నంతసేపే హక్కు ఉంటుందన్నదీ అదే తీర్పులో ఉంది. కొంప ముంచేది ఇక్కడే. కత్తి చేజారి దొంగ కింద పడ్డాక, లేదా గోడ దూకి పారిపోతుంటే కోపం కొద్దీ కొట్టిన దెబ్బ రక్షణ కిందికి రాదు. నేను వాదించిన ఒక కేసులో గాయాలన్నీ తల వెనక భాగంలోనే ఉన్నాయని పోస్టుమార్టం రిపోర్టు చెప్పింది. వెనుదిరిగినవాణ్ని కొట్టారంటూ ప్రాసిక్యూటర్ దాన్నే పట్టుకున్నారు. హద్దు దాటినా సదుద్దేశంతోనే చేశాడని కోర్టు నమ్మడంతో మా వాడు హత్యానేరం నుంచి బయటపడ్డాడు గానీ, జైలు శిక్ష మాత్రం తప్పలేదు. ఆ కుటుంబాన్ని తలచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది.

అందుకే చెబుతున్నా, వాడు పారిపోతుంటే పోనివ్వండి. ఘర్షణ జరిగితే మీరే 112కి ఫోన్ చేయండి, పడ్డవాడికి అంబులెన్స్ పిలిపించండి. కత్తినీ కర్రనీ కదిలించకండి, రక్తం కడగకండి. మీ ఒంటి మీది గాయాలను, చిన్న గీతైనా సరే, ప్రభుత్వ ఆసుపత్రిలో అదే రోజు రాయించుకోండి. మీ వాదనను ప్రాసిక్యూషన్‌లా అనుమానానికి తావు లేకుండా రుజువు చేయక్కర్లేదు, నమ్మదగినదిగా ఉంటే చాలు. ఆ నమ్మకం కలిగించేవి ఈ కాగితాలే.