ఇంగ్లిష్‌లో క్యాపిటల్ లెటర్ ఎక్కడెక్కడ వాడాలి?

వాక్యంలో మొదటి మాటకు క్యాపిటల్ పెట్టాలి. 'నేను' అనే అర్థంలో వచ్చే 'ఐ' ఎక్కడున్నా క్యాపిటలే. ఈ రెండూ చాలామందికి తెలుసు. టెన్షన్ అంతా పేర్ల దగ్గరే.

ఒక్కరికో, ఒక్కదానికో ప్రత్యేకంగా పెట్టిన పేరైతే క్యాపిటల్. అలాంటివన్నిటికీ చెల్లే మాటైతే స్మాల్. 'రివర్' అని ఊరికే అంటే స్మాల్, 'నైల్ రివర్' అంటే రెండు మాటలకూ క్యాపిటల్. 'మదర్' చూడండి. 'మై మదర్' అన్నప్పుడు బంధుత్వం చెబుతున్నాం, కాబట్టి స్మాల్ 'ఎం'. 'థాంక్యూ, మదర్' అని పిలిచినప్పుడు అదే మాట పేరులా పనిచేస్తుంది, అందుకే క్యాపిటల్. 'డాక్టర్' సంగతీ అంతే: పేరుకు ముందు వస్తే క్యాపిటల్, వృత్తిగా చెబితే స్మాల్.

వారాలు, నెలలు, దేశాలు, భాషల పేర్లు ఎప్పుడూ క్యాపిటల్‌తోనే. 'సమ్మర్', 'వింటర్' లాంటి రుతువులు మాత్రం స్మాల్; ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 'మార్చ్' క్యాపిటల్‌తో రాస్తే నెల, స్మాల్‌తో రాస్తే కవాతు.

ఇంకొకటి, నొక్కి చెప్పాలని మాట మొత్తం క్యాపిటల్స్‌లో రాయకండి. చదివేవాళ్లకు మీరు అరుస్తున్నట్టు అనిపిస్తుంది.