"విద్వాంసులు" అనాలా, "విద్వాంసులుగా ఉండేవారు" అనాలా?

సందేహం: మా గురువుగారు వయొలిన్ విద్వాంసులు. ఈమధ్యే పోయారు. ఆయన గురించి ఒక పత్రికకి నాలుగు మాటలు రాసిచ్చాను. "మా గురువుగారు గొప్ప విద్వాంసులు" అని నేను రాస్తే "గొప్ప విద్వాంసులుగా ఉండేవారు" అని దిద్ది, పైన "మూగబోయిన వయొలిన్" అని శీర్షిక పెట్టారు. అడిగితే, చనిపోయినవారి గురించి భూతకాలంలోనే రాయాలన్నారు. నిజమేనా? వచ్చే నెల శిష్యులమంతా కలిసి కచేరీ పెట్టి, "స్వర నివాళి" అని కార్డు వేయిద్దామనుకున్నాం. నివాళి బతికున్నవాళ్ళకే పట్టాలని ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారు. ఏం చెయ్యమంటారు?
ఒక పాఠకురాలు, బొబ్బిలి

సమాధానం: అమ్మా, మీరు రాసిందే ఒప్పు. దిద్దినవారిదే పొరపాటు. గురువుగారు పోయిన బాధలో ఉండి కూడా ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయారంటే అది మిమ్మల్ని ఎంత నొప్పించిందో తెలుస్తోంది.

"ఆయన విద్వాంసులు" అన్న వాక్యంలో క్రియ లేదు. రెండు నామాలు పక్కపక్కన పెడితే తెలుగులో వాక్యం నిండిపోతుంది. కాలాన్ని చెప్పేది క్రియ. అది లేదు కాబట్టి ఈ వాక్యానికి నిన్న, నేడు అన్న పట్టింపు లేదు. "త్యాగయ్య రామభక్తుడు" అంటాం. ఆయన 1847లో పోయారు కదా అని "రామభక్తుడిగా ఉండేవాడు" అంటే, ఆ తర్వాత భక్తి మానుకున్నాడేమో అనిపిస్తుంది. ఇంగ్లీషులో ఆ చోట క్రియ తప్పనిసరి. మనిషి పోగానే అది భూతకాలంలోకి మారాలి. ఇంగ్లీషులో వచ్చిన మరణవార్తని పేజీ వదిలే టెన్షన్‌లో తెలుగు చేస్తున్నప్పుడు ఆ అలవాటు మన వాక్యంలోకి దిగుతుంది. తర్వాత తెలుగులోనే పుట్టిన వాక్యాన్ని కూడా, ఇదిగో మీ వాక్యంలాగా, దాని ప్రకారం దిద్దేస్తారు.

"ఉండేవారు" చెడ్డ మాటని కాదు. మొదలూ చివరా ఉన్న సంగతికి అది కావాలి. మన విజయనగరం సంగీత కళాశాలనే తీసుకోండి. 1919లో పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దాని మొదటి ప్రిన్సిపాల్. 1936లో ఆ బాధ్యత ద్వారం వెంకటస్వామినాయుడుగారికి వచ్చింది. "అప్పట్లో దాసుగారు ప్రిన్సిపాల్‌గా ఉండేవారు" అంటే నూటికి నూరుపాళ్ళూ ఒప్పు. అది పదవి, ఒకనాడు దిగారు. "దాసుగారు హరికథా పితామహులుగా ఉండేవారు" అంటే మాత్రం ఒప్పుకోను. 1945లో ఆయన పోయారు, ఆ పితామహత్వం ఎక్కడికీ పోలేదు. అలాగే, "నాయుడుగారు వాయించేవారు" అనాలి, కమాను పట్టిన ఆ చెయ్యి ఇప్పుడు లేదు కనక. "నాయుడుగారు వయొలిన్ విద్వాంసులు" అన్నది ఆయన పోయిన 1964 నవంబరు 25కి ముందూ ఒప్పే, తర్వాతా ఒప్పే.

పాట విషయంలో జనం ఇంకో అడుగు ముందుకే వేశారు. ఘంటసాలగారు విజయనగరంలోనే మధూకరం (ఇంటింటా అడిగి తెచ్చుకునే అన్నం) ఎత్తుకుని, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. 1974 ఫిబ్రవరి 11న పోయారు. ఇవాళ అక్కడి గంటస్తంభం దగ్గర టీకొట్టులో ఆయన పాట వస్తే "ఘంటసాల పాడుతున్నాడు" అనే అంటారు. ఆ "పాడుతున్నాడు"ని దిద్దడానికి ఏ వ్యాకరణానికీ అధికారం లేదని నా నమ్మకం.

ఇక "మూగబోయిన వయొలిన్". మూగబోవడం అంటే పలుకు పడిపోవడం. మొదట ఆ మాట తట్టినవారు దుఃఖంతోనే అని ఉంటారు, మంచి కల్పనే. ప్రతి గొంతుకీ, ప్రతి వాద్యానికీ అదే తగిలించడంతో అరిగిపోయింది. 2020 సెప్టెంబరు 25న బాలుగారు పోయిన మధ్యాహ్నం గుర్తుందా? టీవీలో కింద స్క్రోలింగ్‌లో గళం మూగబోయిందన్న మాటలు, పైన తెరమీద ఆయన పాట. ఆ గొంతు అంత స్పష్టంగా వినిపిస్తుంటే ఆ మాట ఎలా నప్పుతుంది?

ఆ ఏడాదే ఆగస్టు 4న పార్వతీపురంలో వంగపండు ప్రసాదరావుగారు పోయారు. ఆయన్ని "దివికేగిన గంధర్వుడు" అని రాస్తే ఎవరి గురించో అనుకుంటాం. గంధర్వులు దేవలోకపు గాయకులు. వంగపండు కాలికి గజ్జె కట్టి, మన ఉత్తరాంధ్ర యాసలో, కూలి జనం మధ్య నిలబడి పాడినవారు. పెద్ద బిరుదు తగిలించి మనిషిని చెరిపేయడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఏ మాట వాడినా దాని అర్థం చూసుకోవాలి. "పరమపదించారు" వైష్ణవుల మాట, "శివైక్యం" శైవులది. "దివంగతులు", "స్వర్గస్థులు" అంటే స్వర్గానికి చేరారని (స్థకి ఒత్తు మరవకండి). "కీర్తిశేషులు" అంటే కీర్తి మాత్రమే మిగిలినవారు. ఇది ఏ మతం వారికైనా చెల్లుతుంది, కానీ బాణీనీ శిష్యుల్నీ ఇచ్చి వెళ్ళిన గురువుకి అది తక్కువ లెక్కే. "మృతి" అన్నది లారీ ప్రమాదాల వార్తలకి అలవాటైపోయి, కళాకారుల పక్కన చెవికి గుచ్చుకుంటోంది. మన ఇళ్ళలో "పోయారు" అంటాం, పల్లెల్లో "పోనారు" అంటారు, పెద్దవాళ్ళు "కాలం చేశారు" అంటారు. "పోయారు" అంటే అమర్యాద అని కొందరికి భయం. మర్యాద ఆ చివరి "రు"లోనే ఉంది. జనం నోటి మాట రాతకి పనికొస్తుందని జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తిగారు పుట్టిన గడ్డ మనది, మనమే జంకితే ఎలా?

శీర్షికకి మీ గురువుగారిదైన ఒక్క వివరం చాలు. కమాను పట్టడం ఎలా నేర్పారో, ఏ రాగం దగ్గర ఎక్కువసేపు ఆగేవారో రాయండి. అది ఇంకెవరి మరణవార్తకీ అతకదు.

నివాళి గురించి మీ పెద్దాయన చెప్పింది పాత అర్థం ప్రకారం నిజమే. నివాళి అంటే హారతి, నీరాజనం. గుడిలో దేవుడికీ, పెళ్ళిలో వధూవరులకీ పట్టేది. పోయినవారికి అర్పించేది అన్న అర్థం తర్వాత వచ్చింది. ఇలా అర్థం మారిన మాటలు ఇంకా ఉన్నాయి. "వర్ధంతి"లో ఉన్నది పెరగడం అనే అర్థమిచ్చే "వృధ్" ధాతువు. శృంగేరి పీఠంలో ఇప్పటికీ జగద్గురువుల పుట్టినరోజునే వర్ధంతి అంటారు. మన వాడుకలో అది పోయిన రోజైంది. దాన్ని ఇప్పుడు వెనక్కి తిప్పలేం, తిప్పనక్కర్లేదు కూడా. "వర్ధంతి వేడుకలు" అని మాత్రం ఎప్పుడూ వేయించకండి. వేడుక అంటే సంబరం. "వర్ధంతి సభ" అంటే సరిపోతుంది.

"స్వర నివాళి" అని నిస్సందేహంగా వేయించండి. స్వరాలతో పట్టే హారతి అన్న పాత అర్థం కూడా అందులో వినిపిస్తుంది. గురువుగారి పేరు కింద "వయొలిన్ విద్వాంసులు" అని అచ్చు వేయమనండి. ప్రెస్సువాళ్ళు పక్కన "గా ఉండేవారు" చేరుస్తామంటే, ప్రూఫులోనే కొట్టేయండి.