జనరల్ డిశ్చార్జ్‌ని ఆనరబుల్‌గా మార్చుకోవచ్చా? మా ఇంట్లో జరిగింది చెప్తాను

అమెరికా సైన్యంలో చేరి సిటిజన్‌షిప్ తెచ్చుకున్న మీ తమ్ముడిని మూడేళ్లు తిరక్కుండానే జనరల్ డిశ్చార్జ్ (మచ్చలేని ఆనరబుల్ విడుదల కంటే ఒక మెట్టు తక్కువది) ఇచ్చి పంపేశారనీ, సిటిజన్‌షిప్ కూడా పోతుందేమోననీ రాశారు. ఆరు నెలలైతే డిశ్చార్జ్ దానంతటదే మారుతుందట, నిజమేనా అని కూడా అడిగారు. మా ఆయనదీ ఇలాంటి కేసే. కాగితాల పనంతా నేనే చూశాను.

ముందు సిటిజన్‌షిప్ టెన్షన్ పక్కన పెట్టండి. సైన్యంలో చేసినందుకు ఇచ్చిన పౌరసత్వాన్ని వెనక్కి తీసుకునే వీలు చట్టంలో ఉన్నమాట నిజమే. కానీ అది ఐదేళ్ల సర్వీసు నిండకుండా 'అదర్ దాన్ ఆనరబుల్' (జనరల్ కంటే కింది రకం) కింద బయటికొచ్చినవాళ్ల విషయం. మీ తమ్ముడిది 'జనరల్, అండర్ ఆనరబుల్ కండిషన్స్' అయితే ఆ భయం లేదు. సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే డీడీ-214 పత్రం తెప్పించుకుని ఆ మాట మీ కళ్లతో చూడండి. దానికి పొట్టి కాపీ ఒకటి, పూర్తి కాపీ ఒకటి ఉంటాయి. డిశ్చార్జ్ రకం, కారణం ఉండేది పూర్తి కాపీలోనే.

ఆరు నెలల మాట మాత్రం వట్టిది. మనం అడక్కుండా ఏదీ మారదు. జనరల్ వల్ల పోయేది ముఖ్యంగా చదువు ఖర్చు. 9/11 తర్వాత సర్వీసు చేసినవాళ్లకి చదువు ఖర్చులిచ్చే జీఐ బిల్ పథకానికి ఆనరబుల్ ఉండి తీరాలి. మేము పట్టుబట్టింది కూడా దానికోసమే.

డిశ్చార్జ్ అయి 15 ఏళ్లు దాటకపోతే డీడీ-293 ఫారం నింపి డిశ్చార్జ్ రివ్యూ బోర్డుకి పంపాలి. దాటితే డీడీ-149తో రికార్డులు సరిదిద్దే బోర్డుకి వెళ్లాలి. ఏదైనా సరే, సర్వీసు ఫైలు, మెడికల్ ఫైలు చేతికి రాకముందు ఫారం పంపొద్దు. వాళ్ల దగ్గర ఏం రాసుందో తెలియకుండా మనం జవాబు ఎలా చెప్తాం? రివ్యూ బోర్డు దగ్గర ముందు కాగితాల మీదే పరిశీలించమని అడగండి. కాదంటే తర్వాత మనిషి హాజరయ్యే హియరింగ్ అడగొచ్చు. ముందే హియరింగ్ అడిగితే కాగితాల అవకాశం పోతుంది.

అసలు బలం అంతా ఫారంతో పెట్టే ఉత్తరంలో ఉంది. చాలామంది 'నేను మంచివాడిని, క్షమించండి' అని రాస్తారు. బోర్డుకి కావలసింది ఆ తప్పులు ఎందుకు జరిగాయన్నది. 2017 ఆగస్టులో రక్షణ శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు (కుర్టా మెమో అంటారు) నాలుగు ప్రశ్నలు పెట్టాయి: తప్పుకి కారణం కాగల మానసిక సమస్యగానీ చేదు అనుభవంగానీ ఉందా, అది సర్వీసులో ఉన్నప్పటిదేనా, జరిగినదానికి అది నిజంగా కారణమేనా, డిశ్చార్జ్‌కి దారితీసిన తప్పుకన్నా దాని బరువు ఎక్కువా. మేము ఉత్తరాన్ని ఈ నాలుగింటికీ వరసగా జవాబుగా రాశాం.

మనవాళ్లకి చిక్కు వచ్చేది ఇక్కడే. మా ఆయన అఫ్గానిస్తాన్ నుంచి వచ్చాక నిద్రపోయేవారు కాదు. పొద్దున హాజరుకి ఆలస్యం, మాట వినలేదని శిక్ష, మళ్లీ ఆలస్యం. డాక్టర్ దగ్గరికి మాత్రం వెళ్లలేదు. పిచ్చి అంటారన్న భయం, ఊళ్లో అమ్మానాన్నలకి తెలుస్తుందన్న భయం. కాబట్టి మెడికల్ ఫైల్లో ఒక్క ముక్క లేదు. నాకైతే ఆ ఫైలు చూసినరోజు ఏడుపొచ్చింది. కానీ అదే మెమోలో, సర్వీసు రికార్డు బయటి ఆధారాలు, ఇంట్లోవాళ్ల మాట కూడా చెల్లుతాయని ఉంది. సైన్యంలో చేసిన మనిషి సొంత వాంగ్మూలం ఒక్కటే కూడా సమస్య ఉందని చూపడానికి సరిపోవచ్చు. ఉన్నట్టుండి పనితీరు పడిపోవడం కూడా ఆధారమే. అర్ధరాత్రి ఆయన వాళ్లన్నయ్యకి పంపిన వాట్సాప్ మెసేజీలు తేదీలతో సహా ఇంగ్లిష్‌లోకి మార్పించి పెట్టాం. అత్తయ్యగారు ఫోన్లో ఏం గమనించారో ఆవిడ మాటల్లోనే రాయించాం. వెళ్లకముందు వచ్చిన మంచి రిపోర్టులు, వచ్చాక వచ్చిన చెడ్డవి పక్కపక్కన పెట్టాం. ఇక్కడి సైకాలజిస్టు రాసిన ఉత్తరం వాటిని కలిపింది.

ఆనరబుల్ వచ్చింది. చాలా నెలలు పట్టింది, అది మాత్రం ముందే మనసులో పెట్టుకోండి. ఇంకో మాట, డిశ్చార్జ్ రకంతోపాటు కారణం కూడా మార్చమని అదే ఫారంలో రాయండి. మాకు డీడీ-214లో 'మిస్‌కండక్ట్' (దుష్ప్రవర్తన) పోయి, ఏ తప్పూ చెప్పని 'సెక్రటేరియల్ అథారిటీ' అని పడింది. ఉద్యోగాలకి వెళ్లినప్పుడు చూసేది ఆ గడినే.

డబ్బులు తీసుకుని గ్యారంటీగా చేయిస్తామనేవాళ్లని నమ్మకండి. మాజీ సైనికులకి సాయం చేసే కౌంటీ వెటరన్స్ సర్వీస్ ఆఫీసర్లు, కొన్ని లా కాలేజీల న్యాయ సహాయ క్లినిక్‌లు ఉచితంగా చేస్తాయి. మీ తమ్ముడు డిశ్చార్జ్ అయిన తేదీ రాయలేదు మీరు. 15 ఏళ్ల లెక్క దాని నుంచే మొదలవుతుంది కాబట్టి ముందు అది కనుక్కోండి, ఫైళ్ల కోసం ఈ వారమే అర్జీ పెట్టించండి.