ఇసుక ఫిల్టర్‌ను రోజూ కడిగించవద్దు

చి. ల. సౌ. మాధవికి,

పెదనాన్న ఆశీస్సులు. మోకిలలోని మీ ఇంటి స్విమ్మింగ్ పూల్‌లో నీళ్లు తెల్లగా, మసకగా ఉంటున్నాయనీ, వాచ్‌మన్ ప్రతి ఉదయం క్రమం తప్పకుండా ఫిల్టర్‌ను బ్యాక్‌వాష్ చేస్తున్నా, అంటే నీళ్లను ఎదురుదిశలో పంపి ఇసుకలోని మురికిని బయటకు కడిగేస్తున్నా, అడుగున ఉన్న నీలిరంగు పలకలు కనిపించడం లేదనీ రాశావు. ఆ రోజువారీ బ్యాక్‌వాషే మసకకు ముఖ్యకారణమని నా అభిప్రాయం. అతని శ్రద్ధను నేను తప్పుపట్టడం లేదు, కాని ముందు ఆ పని ఆపించు.

మీ ఇంట్లో ఉన్నది ఇసుక ఫిల్టర్. అందులోని సిలికా రేణువులు సాధారణంగా అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకు ఉంటాయి. మీ చుట్టుపక్కల కట్టుబడి పనుల నుంచి గాలికి వచ్చిపడే సిమెంటు దుమ్ము, రాతి పొడి ఆ రేణువుల మధ్య సందుల కంటే ఎంతో సన్ననివి కనుక, అప్పుడే కడిగిన ఇసుకలో నుంచి అవి తేలికగా దాటిపోయి తిరిగి పూల్‌లోకే చేరతాయి. ఫిల్టర్ కొంతకాలం నడిచిన తరువాత, అది పట్టుకున్న మురికే ఆ సందులను ఇరుకు చేసి, సన్నని ధూళిని కూడా ఆపగలిగే స్థితికి ఇసుకను తెస్తుంది. అందుచేత కాస్త మురికిపట్టిన ఫిల్టరే బాగా వడకడుతుంది. మీ వాచ్‌మన్ ఆ స్థితి రాకముందే ప్రతిరోజూ దానిని కడిగివేస్తున్నాడు.

మరి ఎప్పుడు కడగాలన్న ప్రశ్నకు సమాధానం క్యాలెండర్‌లో లేదు, ఫిల్టర్ మీద ఉన్న ప్రెజర్ గేజ్‌లో ఉంది. ఒకసారి పూర్తిగా బ్యాక్‌వాష్ చేయించి, పంపు మామూలుగా నడుస్తున్నప్పుడు ముల్లు ఎక్కడ నిలిచిందో చూసి, ఆ అంకెను మార్కర్‌తో ట్యాంకు మీదనే రాసిపెట్టు. దాని కంటే 8 నుంచి 10 పీఎస్‌ఐ (గేజ్ మీద ఉండే ఒత్తిడి కొలత) పెరిగినప్పుడు, అంటే చదరపు సెంటీమీటరుకు కిలోల లెక్కలో సుమారు 0.6 లేదా 0.7 పెరిగినప్పుడు, బ్యాక్‌వాష్ అవసరమని అర్థం. ప్రెజర్ పెరగకుండా తగ్గితే మాత్రం లోపం ఇసుకలో లేదు. పంపు ముందున్న బుట్టలోనో, పూల్ అంచున పైన తేలే చెత్తను లాగే స్కిమ్మర్‌లోనో ఆకులు నిండి ఉంటాయి, లేదా పంపు మూత దగ్గర గాలి లాగుతూ ఉంటుంది. నీళ్లు పూల్‌లోకి తిరిగివచ్చే చోట బుడగలు వస్తుంటే మూత కింద ఉన్న రబ్బరు రింగును చూడాలి. పంపు ఆపినప్పుడు ముల్లు సున్నాకు రాకపోతే ఆ గేజ్ చెడిపోయినట్లే. రాణిగంజ్‌లో కొత్తది దొరుకుతుంది, ఆలస్యం చేయకుండా మార్పించు.

బ్యాక్‌వాష్ చేసే పద్ధతి కూడా అతనికి నువ్వు దగ్గరుండి చూపించడం మంచిది, ఎందుకంటే ఫిల్టర్లు పాడయ్యేది ఎక్కువగా ఆ నాలుగైదు నిమిషాల్లోనే. నీళ్లు ఏ దారిన పోవాలో మార్చే మల్టీపోర్ట్ వాల్వ్ పిడిని తిప్పే ముందు పంపును తప్పనిసరిగా ఆపాలి. టైమర్‌ను నమ్ముకోకుండా మెయిన్ స్విచ్ దించాలి; లేకపోతే పిడి సగం తిరిగి ఉండగా పంపు దానంతటదే మొదలుకావచ్చు. పంపు నడుస్తుండగా పిడి తిప్పితే లోపల దారులను వేరుచేసే రబ్బరు చక్రం, అంటే స్పైడర్ గ్యాస్కెట్, చిరిగిపోతుంది, ఆ తరువాత శుభ్రమైన నీళ్లూ మురికి నీళ్లూ కలుస్తాయి, లేదా ఎప్పుడు చూసినా బ్యాక్‌వాష్ గొట్టంలో నుంచి నీళ్లు కారుతూ ఉంటాయి. పిడిని కిందికి నొక్కి, బ్యాక్‌వాష్ గుర్తు దగ్గరకు తిప్పి, పంపు వేసి, పక్కన ఉన్న గాజు గొట్టంలో నీళ్లు తేటగా మారేవరకు, అంటే దాదాపు రెండు మూడు నిమిషాలు నడపాలి. మళ్లీ పంపు ఆపి, పిడిని రిన్స్‌కు, అంటే ఇసుకను సర్దుతూ మిగిలిన మురికి నీళ్లను బయటకు పంపే స్థానానికి తెచ్చి, అర నిమిషం నుంచి ఒక నిమిషం నడపాలి. ఈ రిన్స్‌ను చాలామంది వదిలేస్తారు. అలా వదిలేస్తే కదిలిన ఇసుకలో మిగిలిన మురికి అంతా మొదటి నిమిషంలోనే పూల్‌లోకి దూకుతుంది. మీ వాచ్‌మన్‌ను ఈ సంగతి అడిగి చూడు; రిన్స్ అన్న మాటే అతను విని ఉండకపోవచ్చు. చివరగా పంపు ఆపి, పిడిని ఫిల్టర్‌కు తెచ్చి, పంపు వేసి, ట్యాంకు పైన ఉన్న చిన్న మరను వదులు చేసి లోపలి గాలిని వదిలించాలి.

మీ పూల్ పొడవు పది మీటర్లు, వెడల్పు నాలుగు, సగటు లోతు 1.2 మీటర్లు అన్నావు. అంటే 48,000 లీటర్లు. గంటకు 8,000 లీటర్లు తోసే పంపు ఆ నీటినంతా ఒకసారి తిప్పడానికి ఆరు గంటలు పడుతుంది. రోజుకు కనీసం అంతసేపైనా నడపాలి, వేసవిలో ఇంకా ఎక్కువ. ఆ పంపుతో మూడు నిమిషాల బ్యాక్‌వాష్‌కు సుమారు 400 లీటర్లు పోతాయి. రోజూ చేస్తే నెలకు 12,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండుకు పైగా. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్ కోసం మీ గేటెడ్ కమ్యూనిటీ అంతా క్యూ కట్టేటప్పుడు ఆ లెక్క నీకే తెలుస్తుంది.

మీ బోరు నీళ్లు కఠినమైనవి. ఎండకు పూల్‌లో నీళ్లు ఆవిరైపోతాయి, సున్నపు లవణాలు మాత్రం అక్కడే ఉండిపోతాయి, ఆ లోటును మళ్లీ బోరు నీళ్లతో నింపినప్పుడు ఇంకా కొన్ని చేరతాయి. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 7.8 దాటి పైకి పోతే ఆ సున్నం ఇసుకకు అంటుకుని, రేణువులు గడ్డలు కడతాయి, నీళ్లు గడ్డల పక్క నుంచి దారి చేసుకుని వడకట్టబడకుండానే కిందికి జారిపోతాయి. కనుక వారానికి రెండుసార్లు టెస్ట్ కిట్‌తో చూసి, పీహెచ్‌ను 7.2కూ 7.6కూ మధ్య ఉంచు. బ్లీచింగ్ పౌడర్ వాడుతున్నారని రాశావు. దానిని నేరుగా పూల్‌లో చల్లితే అందులోని కరగని సున్నం కూడా నీటిని తెల్లగా చేసి, చివరికి ఫిల్టర్‌లోకే చేరుతుంది. ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి, అడుగున తేరేదాకా ఆగి, పైన ఉన్న తేట మాత్రమే పోయించు. క్లోరిన్ బిళ్లలను, బ్లీచింగ్ పౌడర్‌ను ఒకే డబ్బాలో గాని, ఒకే బకెట్‌లో గాని ఎప్పుడూ కలపనివ్వవద్దు, మంట లేవవచ్చు. యాసిడ్‌కు క్లోరిన్ తగిలితే విషవాయువు వస్తుంది కనుక రెండింటినీ వేర్వేరు చోట్ల పెట్టించు.

ఇప్పుడున్న మసకను త్వరగా వదిలించుకోవాలంటే పటిక వాడవచ్చు. మా చిన్నతనంలో కుండ లోపల చిల్లగింజ అరగదీసి బురద నీళ్లు తేర్చేవారు. పటిక చేసేదీ అదే పని, సన్నని ధూళిని ముద్దలుగా కలిపి అడుగుకు దించుతుంది. అయితే పీహెచ్ సరిచూసుకున్న తరువాతే, పటికను నీళ్లలో కరిగించి పూల్ అంతటా పోయించి, వాల్వ్‌ను రీసర్క్యులేట్‌లో, అంటే నీళ్లు ఇసుకలోకి పోకుండా తిరిగే స్థానంలో పెట్టి కొంతసేపు తిప్పి, పంపు ఆపి రాత్రంతా కదపకుండా ఉంచాలి. ఉదయం అడుగున పేరుకున్నదానిని వాక్యూమ్ చేసేటప్పుడు వాల్వ్ తప్పనిసరిగా వేస్ట్‌లో, అంటే నీళ్లు ఇసుకను దాటకుండా నేరుగా బయటకు పోయే స్థానంలో ఉండాలి. ఆ ముద్దలు ఇసుకలోకి వెళితే ఫిల్టర్ పూడుకుపోతుంది, లేదా అవి విడిపోయి మళ్లీ పూల్‌లోకి వస్తాయి. వేస్ట్‌లో పోయిన నీటికి బదులు కొత్త నీళ్లు నింపవలసి వస్తుంది, పటిక వల్ల పీహెచ్ కూడా తగ్గుతుంది, కాబట్టి రెండూ చూసుకోవాలి.

ఉగాదికి ముందు వేపాకు రాలేటప్పుడు స్కిమ్మర్ బుట్టను రోజూ ఖాళీ చేయించాలి. వానాకాలంలో గోడలకు నాచు పడితే, క్లోరిన్ పెంచి దానిని చంపిన రోజుల్లో ప్రెజర్ గంటల్లోనే పెరగవచ్చు, అప్పుడు మాత్రం ఒకే రోజు రెండుసార్లు బ్యాక్‌వాష్ చేసినా తప్పులేదు.

ఇసుకను అయిదేళ్లకో, ఏడేళ్లకో మార్చాలి. మీకు ఇల్లు అమ్మినవారు ఎప్పుడు వేయించారో తెలియదన్నావు కనుక, ఈ దసరా లోపు ఒకసారి ట్యాంకు తెరిపించి చేయి పెట్టి చూడు. ఇసుక విడివిడిగా రాలాలి. గడ్డలు చేతికి తగిలితే మార్చడమే మేలు. గ్రేడ్ చేసిన సిలికా ఇసుక తప్ప, ఇల్లు కట్టడానికి తెచ్చిన ఇసుకను జల్లించి వేస్తామని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. కొత్త ఇసుక పోసే ముందు ట్యాంకును సగం నీళ్లతో నింపాలి, లేకపోతే పడే బరువుకు అడుగున ఉన్న లేటరల్ గొట్టాలు (ఇసుకను ఆపి నీటిని మాత్రం లాగే సన్నని చీలికల గొట్టాలు) విరుగుతాయి. పూల్ అడుగున, నీళ్లు తిరిగివచ్చే చోట ఇసుక కనిపిస్తే అవి విరిగాయని ముందుగా అనుమానించాలి. మీ చెల్లెలి ఇంట్లో ఉన్నది కార్ట్రిడ్జ్ ఫిల్టర్, దానికి బ్యాక్‌వాష్ ఉండదు. బయటకు తీసి మడతల మధ్య మామూలు గొట్టంతో కడిగితే చాలు. కారు కడిగే ప్రెజర్ పంపు వాడితే బట్ట చిరుగుతుంది.

బ్యాక్‌వాష్ ఆపించిన మొదటి వారం నీళ్లు వెంటనే తేటపడకపోతే కంగారుపడి మళ్లీ మొదలుపెట్టించవద్దు. ఆ వారం రోజుల గేజ్ అంకెలు, పీహెచ్, క్లోరిన్ రాసి నాకు పంపు. ప్రెజర్ అసలు పెరగకుండా నీళ్లు మసకగానే ఉంటే, అప్పుడు వాల్వ్ గ్యాస్కెట్ విప్పించి చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న